మైలురాయిలో పోయిన 'డూ'

సంపాదకుడు ఫోన్లో అడిగింది పెద్ద పనేం కాదు. నెల్లూరు తీరంలో ఐదు పాత గుళ్లు, ఒక్కోదానికి రెండు పేరాలు, దారి ఎటు, భోజనం ఎక్కడ. అంతే. నేను మొదటి ఊరే దాటలేదు. ఆ ఊరు మల్లాం.

నాయుడుపేటలో దిగి తూర్పుకు తిరిగితే వరి మళ్లు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు. చిట్టమూరు మండలం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ వైపంతా తిరుపతి జిల్లాలో పడింది. టీకొట్టు దగ్గర దారి అడిగితే మాత్రం 'మాది నెల్లూరే' అన్నారు. వెయ్యేళ్ల కింద అడిగుంటే తొండైమండలమనో, జయంగొండచోళ మండలమనో చెప్పేవాళ్లు. పైన పేరు మారిపోతూనే ఉంటుంది. కింద ఊరు, చెరువు, గుడి ఉన్నచోటే ఉంటాయి.

నా వెంట వచ్చిన పెద్దాయన శాసనాల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. చదివే పండితుడు కాదు, రాళ్లమీది రాతకు కాగితం మీద నకలు తీసే మనిషి. పేరు రాస్తానంటే వద్దన్నారు. "పేరు వేసుకున్నోళ్లు రాతి మీద ఉన్నారు కదా సార్. మనది నకలు పని."

మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి వచ్చినవాళ్లందరూ ముందు చూసేది తేరులాంటి మండపం. రాతి చక్రాలు, లాగుతున్న గుర్రాలు. తమిళనాడులోని దారాసురంలో చోళులు కట్టిన మండపం గుర్తొస్తుంది. యాత్రికులు చక్రం పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేనూ దిగాను, ఎందుకు దాచాలి. పెద్దాయన అటు చూడనైనా లేదు. చెప్పులు విడిచి నేరుగా గోడ కిందికి పోయి చతికిలబడ్డారు. గుడికి పీఠంలా ఉండే అధిష్ఠానంలో జగతి, కుముదం, పట్టిక అని వరసలుంటాయి. రాయించినవాళ్లకు ఇష్టమైన చోటు అదే. మనిషి కూర్చుంటే కంటి ఎత్తుకు వస్తుంది. శిల్పాన్ని తలెత్తి చూడాలి, రాతను తల దించి చదవాలి. మనకు తల దించే ఓపిక లేక ఆ వరసలు వదిలేస్తాం.

ఆయన సంచిలోంచి చిన్న టార్చి తీసి రాయికి ఆనించి పక్కవాటుగా వెలిగించారు. అప్పటిదాకా నాకు నున్నగా కనబడిన రాయి ఒక్కసారిగా గరుకు తేలింది. గీతలు, కొక్కేలు, గుండ్రాలు. "ఎదురుగా వేస్తే ఏం కనపడదు సార్. పక్కనుంచి వెయ్యాలి. పొద్దున ఏడింటికి సూర్యుడు కూడా ఈ పనే చేస్తాడు." మొదట్లో ఉండే 'స్వస్తిశ్రీ' గ్రంథలిపిలో ఉంటుందనీ, తర్వాతదంతా తమిళమనీ వేలు ఆనించకుండానే చూపించారు.

ఔను, తమిళం. ఇక్కడే మనవాళ్లలో చాలామందికి ఇబ్బంది. కలమళ్ల శాసనంతో ఆరో శతాబ్దిలోనే తెలుగు శాసనాలు మొదలయ్యాయని వేదికల మీద ఛాతీ విరుచుకుంటాం. అది నిజమే. కానీ గూడూరు నుంచి సముద్రం దాకా ఉన్న పాత గుళ్ల గోడలు చాలామటుకు తమిళంలో మాట్లాడతాయి. తిక్కనను ఆదరించిన తెలుగు చోడుల శాసనాలు కూడా కొన్ని ఆ భాషలోనే ఉన్నాయి. ఇవాళ ఓడరేవుగా పేరుపడిన కృష్ణపట్నాన్ని పదమూడో శతాబ్దంలో కొల్లిత్తుఱై అనీ, గండగోపాలపట్టణం అనీ పిలిచారు. అక్కడి వర్తకులు ఎగుమతి దిగుమతుల మీద శివాలయానికి కొంత వంతు ఇస్తామని ఒప్పుకున్న సంగతి మనకు చెప్పిందీ తమిళ శాసనమే. అది మనది కాదని వదిలేశాం. తమిళనాడువాళ్లు, రాయి ఆంధ్రాలో ఉంది కదా అనుకుంటారు. మధ్యలో రాయి అనాథ.

మల్లాం శాసనాల్లో నన్ను రాత్రంతా నిద్రపోనివ్వనిది ఒకటుంది. పల్లవ రాజు కంపవర్మ ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటిది, అంటే తొమ్మిదో శతాబ్దం చివరిది. పట్టై పొత్తన్ అనే మనిషి భటారి అమ్మవారికి నవకండం ఇచ్చాడు. తన ఒంటి మాంసం తొమ్మిది చోట్ల కోసి, ఆఖరున తల కోసి పీఠం మీద పెట్టాడు. ఊరివాళ్లు అతన్ని గౌరవించి భూమి ఇచ్చారు. ఎందుకు చేశాడు? యుద్ధంలో గెలుపు కోసమా, ఊరికి పట్టిన కీడు పోవాలనా? రాయి చెప్పదు. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేముడు 1377లో ఇలాంటి వీరుల కోసమే వీరశిరోమండపం కట్టించాడు. అది శైవ భక్తి ఉధృతంగా ఉన్న క్షేత్రం, అక్కడ అర్థం చేసుకోవచ్చు. ఈ వరి మళ్ల మధ్య, ఒక పల్లెటూళ్లో, ఆ పొద్దు జనం ఎలా నిలబడి చూశారో! ఆ తర్వాత ఊరంతా కూర్చుని పొలం కొలిచి ఇచ్చి, ఆ సంగతి రాతికెక్కించింది. నాకు తల కోయడం కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం. అంత ఘోరం తర్వాత కూడా లెక్క తప్పలేదు.

మేం వెళ్లిన పొద్దు నకలు కోసం గోడకు కాగితం వేస్తారనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అనుమతి కాగితం లేకుండా గుడి రాయి తడపకూడదు సార్. ఉద్యోగం పోయినా పద్ధతి పోదు." నా ముఖం చూసి జాలి పడ్డట్టున్నారు. బయట టీకొట్టు పక్కన చింతచెట్టు కింద ఒరిగిపోయిన పాత మైలురాయి ఉంటే, దాని ముందు సంచి దించారు.

ముందు నీళ్లతో కడిగారు. మ్యాప్‌లిథో అనే రకం కాగితం తడిపి రాతికి అంటించారు. ఇక గట్టి కుచ్చున్న బ్రష్‌తో కొట్టడం మొదలుపెట్టారు. నడిమి నుంచి అంచులకు, గాలి బుడగ మిగలకుండా. తప్ తప్ తప్. చపాతీ పిండిమీద కొట్టినంత మెల్లగా మొదలై, పోనుపోను జోరైంది. మణికట్టు మాత్రమే కదులుతోంది, మోచెయ్యి కదలడం లేదు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగిపోయింది. తడి సగం ఆరేదాకా బీడీ. తర్వాత దూది పెట్టి గుడ్డతో కట్టిన ఉండను మసి, జిగురు కలిపిన సిరాలో అద్ది, రెండోసారి పాతగుడ్డ మీద అద్ది, అప్పుడు కాగితం మీద. సిరా ఎక్కువైతే గుంటలోకి కారి అక్షరం చస్తుంది, తక్కువైతే పుట్టదు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. గూ. ఖాళీ. రు.

"డూ ఏది?" అన్నాను.

"రంగు మింగింది." గోటితో గీరి చూపించారు. పసుపు, తెలుపు, మళ్లీ పసుపు. ఏటేటా వేసిన ఎనామెల్ పొరలు గుంటను పూర్తిగా పూడ్చేశాయి. "సున్నమైతే నానబెడితే వచ్చేస్తుంది. మా తాతల కాలం సున్నం రాతకు దుప్పటి. ఈ రంగు అట్టా కాదు. ఇంకొకటుంది, ఇసుక యంత్రం. నల్లరాయి తెల్లగా వస్తుందని గాలితో ఇసుక కొడతారు. రాయితోపాటు రాసినాయన కూడా పోతాడు."

మా ఊరి వైపు ఒక గుడిలో అదే జరిగింది. కుంభాభిషేకానికి ముందు గోడలన్నీ ఇసుకతో కొట్టించారు. నేను ముచ్చటపడి చందా కూడా ఇచ్చాను. ఇప్పుడు అక్కడ రాయి కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. చిన్నప్పుడు మేం వేళ్లు పెట్టి ఆడుకున్న అక్షరాలు లేవు. ఆ చందా రసీదు నా దగ్గరే ఉంది.

కొట్టు నడిపే అవ్వ టీ గ్లాసులు పెడుతూ వంగి చూసింది. "ఏం నాయినా, గుళ్లో రాతల్లో నిధి సంగతి రాసుండారా?"

"నిధి లేదమ్మా. దీపానికి ఎన్ని గొర్రెలు ఇచ్చారు, పొలం ఎవరికి ఇచ్చారు, అంతే." నిజానికి ఆ కాలంలో గుళ్లో ఒక్క దీపం ఆరకుండా వెలగాలంటే తొంభయ్యో, తొంభై ఆరో గొర్రెలు ఇచ్చేవాళ్లు. తీసుకున్న కాపరి నెయ్యి కొలవాలి. చావనివి, ముసలివి కానివి అని వాటికి పేరు. ముసలిది పోతే పిల్లతో లెక్క సరిచేయాలన్నమాట.

అవ్వకు గొర్రెలు పట్టలేదు. "పొలం పేరు రాతిమీద రాసిచ్చేవోళ్లా! మాది కాగితంలోనే తప్పు పడింది. మూడేళ్లుగా తిరగతా ఉండా. ఆ కాలమోళ్లే నయం." పెద్దాయన నవ్వలేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో శాసనం విలువ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదన్నారు.

గోడమీదివి కాపాడుకున్న చోటూ ఉంది. ఇంగ్లండు పల్లెల్లో మధ్యయుగాల చర్చిలున్నాయి. గోడలమీది బొమ్మలకు పదహారో శతాబ్దంలో సున్నం కొట్టేశారు. తర్వాతివాళ్లు మెల్లగా గీరి కొన్నిటిని బయటికి తీశారు. పెవ్‌స్నర్ అనే ఆయన 1951 నుంచి 1974 దాకా ఊరూరా తిరిగి, చెప్పుకోదగ్గ ప్రతి కట్టడాన్నీ 46 సంపుటాల్లో ఎక్కించాడు. ఆదివారం చర్చికి పోయే రైతు కూడా తన ఊరి కిటికీ ఏ శతాబ్దందో అందులో చూసుకోవచ్చు. మనకూ అలాంటి మొదలు పడింది. బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను తాలూకాలవారీగా మూడు సంపుటాలుగా 1905లో అచ్చు వేయించారు. పల్లవ శాసనాల సంపుటం 1943లో వచ్చింది. అవి ఇంగ్లీషు పీఠికలతో గ్రంథాలయాల్లో ఉన్నాయి. గుడి గుమ్మం దగ్గర, తెలుగులో, ఒక్క పేజీ కాగితంగా ఉండాలి. పట్టై పొత్తన్ కథ ఆ ఊరి పిల్లవాడికి బడిలో చెప్పాలి. నేలపట్టు పక్షుల కోసం సూళ్లూరుపేటలో పండుగ చేస్తున్నాం, మంచిదే. పక్షి మళ్లీ ఏడు వస్తుంది. అక్షరం రాదు.

పెద్దాయన దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఒకబ్బాయి వచ్చాడట, నెల తర్వాత ఫోన్ కెమెరా చాలదా అన్నాడట. "వాడు చెప్పింది సగం నిజమే సార్. ఏమీ లేనిదానికి ఫొటో నయం."

కాబట్టి మిగతా నాలుగు గుళ్లకు బదులు సంపాదకుడికి ఈ నాలుగు మాటలు పంపుతున్నాను. మీ ఊరి గుడికి ఈ ఏడు కుంభాభిషేకం ఉంటే, రంగు డబ్బాలు దిగకముందే పొద్దున ఏడింటికి ఒకసారి వెళ్లండి. గోడ కింద కూర్చోండి. వెలుగు పక్కనుంచి పడేలా చూసుకుని, ఎడమ నుంచి కుడికి, ఒక్క రాయీ వదలకుండా ఫొటోలు తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టడం మరిచిపోవద్దు.