వైట్ రిమ్ దారిలో మూడు రోజులు

కిందటి ఉగాది భోజనాల దగ్గర మా ట్రక్కు చూసి నలుగురైదుగురు మిత్రులు ఒకే ప్రశ్న అడిగారు: "డాక్టరుగారూ, దీనికి ఎన్ని అంగుళాల లిఫ్టు వేయించారు?" రెండే అని చెప్తే వాళ్ళ ముఖాల్లో కాస్త నిరుత్సాహం కనిపించింది. ఒకాయన అప్పటికే ఆరంగుళాల కిట్టుకు ఆర్డరు ఇచ్చే ఆలోచనలో ఉన్నారు. సంగతంతా వ్రాసి ఇస్తే పత్రికలో వేస్తామని సంపాదకులు అన్నారు కనుక, నిరుడు అక్టోబరులో మేము చేసిన యాత్రను, దానికోసం బండిని సిద్ధం చేసుకున్న తీరును ఇక్కడ వ్రాస్తున్నాను. బండి గొడవ అక్కర్లేని వాళ్ళు కొండల సంగతి మాత్రం చదువుకోవచ్చు. అయితే ఆ దారిలో రెండూ విడదీయడం కష్టం.

ముందు ఆ చోటు గురించి చెప్తాను. యూటా రాష్ట్రంలో మోయబ్ అనే ఊరికి దగ్గర్లో కెన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కు ఉంది. 1964లో ఏర్పడింది. అటు గ్రీన్ నది, ఇటు కొలరాడో నది నేలను లోతుగా కోసుకుంటూ వచ్చి దక్షిణాన కలుస్తాయి. రెండింటి నడుమ మిగిలిన ఎత్తైన బల్లపరుపు నేలకు 'ఐలాండ్ ఇన్ ద స్కై' అని పేరు. సముద్రమట్టానికి సుమారు 6,000 అడుగుల ఎత్తు. దాని అంచున నిలబడి కిందకు చూస్తే 1,200 అడుగుల లోతున ఇంకొక మెట్టు కనిపిస్తుంది. ఆ మెట్టు చివర పొడుగునా తెల్లటి ఇసుకరాయి, ఎర్రచీరకు వెండి జరీ అంచు కుట్టినట్టు. అదే వైట్ రిమ్. ఆ మెట్టు మీద దాదాపు 100 మైళ్ళ మట్టిదారి చుట్టూ తిరిగి వస్తుంది.

ఆ దారి విహారం కోసం వేసినది కాదు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడికి మోయబ్ దక్షిణాన యురేనియం పెద్ద ఎత్తున దొరికింది. ఆ తర్వాత అందరూ ఈ కొండలమీద పడ్డారు. అమెరికా అణుశక్తి సంఘం ప్రోత్సాహంతో 1950లలో ఇలాంటి దారులు చాలా వేశారు. వైట్ రిమ్ పొడుగునా దొరికిన యురేనియం మాత్రం అత్యల్పం. దారి మిగిలింది. ఇతర గనుల్లో పనిచేసిన వాళ్ళకు, ముఖ్యంగా నవహో జాతి వాళ్ళకు, ఊపిరితిత్తుల కేన్సరు మిగిలింది. వాళ్ళకు పరిహారం ఇచ్చే చట్టం 1990లో గాని రాలేదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో రేడాన్ వాయువు గురించి పరీక్షకోసం బట్టీపట్టినవాణ్ణి. ఆ పాఠం ఏ నేలనుంచి వచ్చిందో ఆ నేలమీద నిలబడి తెలుసుకున్నాను.

ఇక బండి. మాది టయోటా టకోమా, నాలుగు తలుపుల పికప్పు. మేము ఉండేది కొలరాడో పశ్చిమాన చిన్న ఊళ్ళో. వారానికి రెండు రోజులు కొండ అవతలి క్లినిక్కుకు వెళ్ళాలి కాబట్టి మంచుకోసం కొన్నాను. యాత్ర అనుకోగానే నాకూ ఆరంగుళాల మోజు పుట్టింది. రంగురంగుల కేటలాగులు తెప్పించి డైనింగు టేబుల్ మీద పరిచాను. ఆ వేసవిలోనే ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ చూసి, ఇవి ఏమిటని అడిగింది. బండి ఎత్తు పెంచితే కింద రాళ్ళు తగలవని వివరించాను.

మా తాతగారికి గూడుబండి ఉండేది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని బొమ్మను కాసేపు చూసి, "ఒరేయ్, ఇరుసు లేవాలంటే చక్రం పెద్దది కావాలి గాని, గూడు పైకెత్తితే ఏం లాభం?" అంది.

నవ్వి ఊరుకున్నాను గాని, సాయంత్రం టేపు పట్టుకుని బండి కిందకు దూరాను. అమ్మ చెప్పింది నిజమే. ఈ బండికి వెనక ఇరుసు ఒకే కడ్డీ. దాని మధ్యన గుమ్మడికాయలా డిఫరెన్షియల్ వేలాడుతుంది. స్ప్రింగులు మార్చి ఎంత ఎత్తినా ఆ గుమ్మడికాయ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. అదీ టైరు పెరిగినదాంట్లో సగమే. లిఫ్టు వల్ల బండి పొట్ట, మూతి లేస్తాయి. ఎత్తైన మెట్టు ఎదురైనప్పుడు ముందు బంపరు తగలకుండా ఉంటుంది. పెద్ద టైరు లోపల రాసుకోకుండా చోటు దొరుకుతుంది. అంతవరకే దాని పని. ముందువైపు విడివిడి సస్పెన్షన్ ఉన్న బండికి ఆరంగుళాల కిట్టు వేస్తే, ముందు డిఫరెన్షియల్‌ను, దాన్ని మోసే అడ్డకమ్మీలను కూడా కిందకు దించి బిగిస్తారు. మనం డబ్బిచ్చి పైకెత్తించిన దాంట్లో చాలా భాగం మళ్ళీ కిందకే వస్తుందన్నమాట. దించకుండా ఎత్తితే, చక్రాలను తిప్పే ఇరుసు కీళ్ళు ఏటవాలుగా నిలబడి త్వరగా అరిగిపోతాయి. అందుకే అలాంటి బండ్లకు రెండు, మహా అయితే మూడంగుళాల దగ్గర ఆగమంటారు.

తర్వాత గేర్ల లెక్క. మా బండికి వచ్చిన టైరు 265/70 ఆర్ 16. అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, లోపలి రిమ్ము 16 అంగుళాలు. అన్నీ కలిపితే టైరు ఎత్తు 30.6 అంగుళాలు. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.91. పాత టైరు ఎత్తును కొత్త టైరు ఎత్తుతో భాగించి, 3.91తో గుణిస్తే కొత్త టైరుతో బండికి నిజంగా దక్కే నిష్పత్తి వస్తుంది. 34.4 అంగుళాల టైరు వేస్తే అది 3.48కి పడిపోతుంది. ఏ గేరులో ఉన్నా ఇంజను లాగే బలం తొమ్మిదో వంతు తగ్గినట్టే. పైగా సముద్రమట్టం నుంచి వెయ్యి అడుగులు ఎక్కిన కొద్దీ టర్బో లేని ఇంజను సుమారు మూడు శాతం నీరసిస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 67 మీద ఉంటుంది. పోయిన బలం తిరిగి రావాలంటే నిష్పత్తి 4.40 దగ్గరకు తేవాలి. అంటే లోపలి పళ్ళచక్రాలు మార్చాలి. వెనకవి ఒక్కటే మారిస్తే చాలదు. ముందూ వెనకా ఒకే నిష్పత్తి లేకపోతే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చినప్పుడు ఒకదానితో ఒకటి పెనుగులాడి విరిగిపోతాయి. ఖర్చు రెండు వేల డాలర్లు దాటుతుంది.

మా వృత్తిలో ఇలాంటిది రోజూ చూస్తాం. రక్తపోటుకు ఒక మాత్ర ఇస్తాం, దానితో కాళ్ళు వాస్తాయి. వాపుకు నీరు పోయే మాత్ర ఇస్తాం, యూరిక్ ఆసిడ్ పెరిగి బొటనవేలు పోటెత్తుతుంది. దానికి ఇంకో మాత్ర. నాలుగో మాత్ర వ్రాసే ముందు మొదటిది అసలు అవసరమా అని అడిగినవాడే వైద్యుడు. ఆరంగుళాలకు పెద్ద టైరు, పెద్ద టైరుకు గేర్లు, బరువుకు బ్రేకులు, చివరికి ఎక్కడానికి నిచ్చెన.

అందుకని కేటలాగులు మూసేసి, వెనకనుంచి మొదలుపెట్టాను. ముందు దారి: వైట్ రిమ్‌కు పార్కువారు అడిగేది ఎత్తుగా ఉండి, లో రేంజి ఉన్న నాలుగు చక్రాల బండి. తర్వాత బరువు: డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఎంత మోయవచ్చో ఉంటుంది. మనుషులు, నీళ్ళు, గుడారం, లిఫ్టు సామాను, అన్నీ అందులోకే. ఆ దారిలో తాగే నీరు ఎక్కడా లేదు. మనిషికి రోజుకు గాలను చొప్పున అయిదుగురికి మూడు రోజులకు 15 గాలన్లు, అంటే 125 పౌండ్లు నీళ్ళే. ఆ తర్వాత టైరు: 265/75 ఆర్ 16 తీసుకున్నాను. ఎత్తు 31.6. పాత రిమ్ములకే సరిపోయింది. ఇరుసు అరంగుళం లేచింది, నిష్పత్తి 3.78 దగ్గర నిలిచింది. గేర్ల జోలికి పోనక్కర్లేదు. స్టెప్నీ కూడా అదే సైజుది కొన్నాను. అన్నిటికన్నా చివర లిఫ్టు: ముందు రెండంగుళాలు, వెనక బరువు మోయడానికి తగిన కమాన్లు. పని అయ్యాక చక్రాల అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ సరిచేయించాను. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు ఎక్కడానికి మా వంటింటి పీట.

మాతో వచ్చిన మిత్రుడు ఇంజనీరు. ఆయనదీ ఇదే బండి. ఆరంగుళాల లిఫ్టు, 34.4 అంగుళాల టైర్లు వేయించారు. గేర్లు మార్చనక్కర్లేదని షాపువాళ్ళు చెప్పారట. చూడటానికి ఆయన బండి ముందు మాది మేకపిల్లలా ఉంది. మా ఇద్దరు పిల్లలూ ఆ బండే కావాలని పేచీ పెట్టి, మొదటిరోజు అందులోనే ఎక్కారు.

షేఫర్ ట్రెయిల్ దగ్గర దిగుడు మొదలైంది. కొండగోడను గోకి వేసిన దారి. మెలికలు తిరుగుతూ సుమారు 1,500 అడుగులు దిగుతుంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. నేను లో రేంజిలో మొదటి గేరు వేసుకున్నాను. ఇంజనే బండిని పట్టి ఆపుతూ నడిపించింది. బ్రేకు మీద కాలు పెట్టే అవసరం పెద్దగా రాలేదు. సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది. ముందు వెళ్తున్న మిత్రుడి చక్రాల నుంచి. ఆయన హై రేంజిలోనే బ్రేకు తొక్కుతూ దిగుతున్నారు. హారను కొట్టి, కాస్త వెడల్పున్న చోట ఆపించాను. పెడలు మెత్తబడి లోపలికి పోతోందని ఆయన చెప్పినప్పుడు వెనక సీట్లో నా పిల్లలు పాట పాడుకుంటున్నారు.

చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, అందరినీ దింపి, నలభై నిమిషాలు కూర్చున్నాం. ఫోను పనిచేయదు. ఎమర్జెన్సీ గదిలో ఎన్నో రాత్రులు గడిపినవాణ్ణి, చేతులు వణకడం ఎప్పుడూ ఎరగను. ఆ రోజు మంచినీళ్ళ సీసా మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. తప్పు ఆయనదొక్కటే అనను. ఎత్తు గేర్లు, బరువు టైర్లు ఇంజను పట్టును తగ్గించాయి. లో రేంజి వేయకపోవడం మిగతా పని చేసింది. బయల్దేరే ముందు ఆ ఒక్క మాట చెప్పకపోవడం నా తప్పు. బ్రేకులు చల్లారాక లో రేంజిలో నెమ్మదిగా దింపారు. పిల్లలు మారు మాట్లాడకుండా మా బండిలోకి వచ్చారు.

రెండో రోజు మర్ఫీ హాగ్‌బాక్ అనే ఎక్కుడు. రెండు పక్కలా లోయ ఉన్న సన్నటి వీపులాంటి కొండ. ఒకచోట దారి పక్కకు వాలి ఉంది. మిత్రుడి బండి అక్కడ ఒరిగితే వాళ్ళావిడ, పిల్లలు దిగి నడిచారు. "కాలవగట్టు మీద గడ్డిబండిలా ఉందమ్మా," అని అమ్మ వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని తనూ నడిచింది. ఆయన బండి క్షేమంగానే ఎక్కింది. పైన చూస్తే, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న ఒక పాత పికప్పు పక్కన తెల్లవాళ్ళ వృద్ధ దంపతులు కుర్చీలు వేసుకుని కాఫీ తాగుతున్నారు.

ఆ రాత్రి అక్కడే గుడారాలు వేశాం. కట్టెలతో మంటలు వేయకూడదు కనుక గాస్ పొయ్యి మీద అన్నం వండి, తెచ్చుకున్న పులిహోర, పెరుగు, ఆవకాయతో తిన్నాం. చుట్టూ ఎక్కడా ఒక్క దీపం లేదు. చిన్నప్పుడు ఆరుబయట మంచాల మీద చూసిన నక్షత్రాలన్నీ ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కనిపించాయి. అమ్మ పీట మీద కూర్చుని పిల్లలకు సప్తర్షుల్లో వశిష్ఠుణ్ణి, ఆయన పక్కన మినుకుమంటున్న అరుంధతిని వెతకమని చెప్పింది. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "డాక్టరుగారూ, నా బండికి ఏం చెయ్యమంటారు?" అన్నారు. ఈ టైర్లే ఉంచితే గేర్లు మార్చండి, లేదా టైర్లు తగ్గించండి అన్నాను. ఇంటికి వచ్చాక ఆయన రెండోది చేశారు.

మూడో రోజు గ్రీన్ నది పక్కగా వచ్చి, మినరల్ బాటమ్ మెలికలు ఎక్కి బయటపడ్డాం.

వెళ్ళదలచిన వాళ్ళకు ఒకటి రెండు మాటలు. పర్మిటు ముందే తీసుకోండి. వసంతం, శరత్తు మంచివి, వేసవి ఎండకు పిల్లలను తీసుకెళ్ళకండి. టైర్లలో కొంత గాలి తీస్తే కుదుపు తగ్గుతుంది, తిరిగి కొట్టుకోవడానికి పంపు ఉంచుకోండి. దారి దిగి నల్లటి మట్టిపొరను తొక్కకండి. అది ప్రాణమున్న పొర, తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆరంగుళాల కిట్టుకు చెక్కు వ్రాసే ముందు మీ బండిలో ఎవరు కూర్చుంటారో ఒకసారి తలచుకోండి.

అమ్మ జనవరిలో ఇండియా వెళ్ళిపోయింది. పీట ఇంకా ట్రక్కులోనే ఉంది.