నెలలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

చూలాలిని "ఎన్నో నెలమ్మా?" అని అడిగితే, పక్కనున్న అత్తగారే జవాబు చెప్పడం మన ఇళ్ళలో మామూలు. "ఎనిమిది వెళ్ళి తొమ్మిది పడిందండీ" అంటుంది. తీరా కార్డు చూస్తే నెలలు నిండి వారమై ఉంటుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నెల తప్పిన రోజు నుంచి లెక్కపెట్టింది. మేము ఆఖరుసారి బహిష్టు మొదలైన రోజు నుంచి లెక్కపెడతాం. రెంటికీ నాలుగు వారాల తేడా!

మా సత్తుపల్లి ప్రాంతంలో ఇది చిన్న తేడా కాదు. దమ్మపేట, అశ్వారావుపేట అడవి పల్లెలకు వానాకాలంలో వాగులు అడ్డం. 2024 జూలైలో గుమ్మడవల్లి దగ్గర పెదవాగు కట్టే తెగింది. ఇంకా నెల ఉందిలే అనుకున్న ఇంట్లో నొప్పులు మొదలైతే, 108 బండి వాగు దాటి రాలేదు.

లెక్క సులువే. ఆఖరి బహిష్టు మొదలైన తేదీకి తొమ్మిది నెలలు, ఆపైన ఏడు రోజులు కలపండి. 2025 శ్రీరామనవమి నాడు, అంటే ఏప్రిల్ 6న, బయట చేరిన అమ్మాయికి 2026 జనవరి 13. తేదీ గుర్తులేకపోతే పండుగ పేరు చెప్పినా చాలు, క్యాలెండరు మేము చూసుకుంటాం. ఇది 28 రోజులకోసారి బహిష్టు అయ్యేవారి లెక్క. 35 రోజులకైతే ఇంకో వారం కలపాలి. క్రమం తప్పేవారికి, బిడ్డకు పాలిస్తుండగానే మళ్ళీ చూలు నిలిచినవారికి స్కానింగే దిక్కు. 11–13 వారాల మధ్య తీస్తే వారం లోపు తేడాతో చెబుతుంది. చివరి నెలల్లో తీసినది రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. కనుక స్కానింగు తీసినప్పుడల్లా తేదీ మార్చుకోకండి.

తేదీ తెలియగానే పంచాంగం తీసేవారున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, కాదనను. కానీ ముహూర్తం కోసం 37 వారాలకే తీసిన బిడ్డ ఊపిరికి ఎగపోస్తుంటే ఏ నక్షత్రం ఆదుకుంటుంది? కారణం లేకుండా 39 వారాల లోపు తొందరపడకండి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అన్న మాటా వట్టిదే. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

దిష్టి తగులుతుందని మూడో నెల దాకా దాచడం ఇంకో అలవాటు. ఫోలిక్ యాసిడ్ మాత్ర ముఖ్యంగా పనిచేసేది ఆ మూడు నెలల్లోనే! ఊరికి చెప్పకపోయినా ఆశా కార్యకర్తకు చెప్పండి. ధనుర్వాతం సూది, రక్తం, మూత్రం, బి.పి., ఆరో నెల దాటాక చక్కెర పరీక్ష – అన్నీ ఆ తేదీని బట్టే నడుస్తాయి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే ఏర్పాటు 2016 నుంచి ఉంది.

సరిగ్గా ఆ రోజునే కనేవారు నూటికి నలుగురైదుగురే. తేదీ దాటితే కంగారు వద్దు, కానీ మర్నాడే వచ్చి చూపించుకోండి. బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా ఏ తేదీ కోసమూ ఆగకండి. వాగు అవతలి వాళ్ళు మాత్రం పదిహేను రోజుల ముందే ఇవతలి బంధువుల ఇంటికి చేరాలి.