ఎండని చేప

మా ఊళ్ళో పిల్లల భయాలు రెండు రకాలు. చీకటి, దయ్యం, లెక్కల మాస్టారు పైకి చెప్పుకోగలిగినవి. కల్లంలో మిరపకాయలు ఎండుతుండగా మబ్బు పడితే పెద్దవాళ్ళ మొహాలు మారతాయే, అది చూసి పుట్టేది రెండోది. తడిసిన కాయ తాలవుతుందనీ, తాలు ధర వేరనీ, ఆ డబ్బుల్లోంచే పురుగుమందుల కొట్టు బాకీ తీరాలనీ పిల్లలకెవరూ విడమరిచి చెప్పరు. రాత్రి వసారాలో మాటలు వినబడతాయి, అంతే.

మొదటి రకానికి మావాళ్ళే మంచి మందు వేశారు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ వెనకున్న చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఆ పత్రికలో దయ్యాలకీ కష్టాలుండేవి. కష్టాలున్న దయ్యాన్ని చూసి ఎంతసేపని భయపడతాం?

రెండోదానికి నాకు దొరికింది ఏడు చేపల కథ ఒక్కటే. అమ్మమ్మ దాన్ని మబ్బు పట్టిన రోజే చెప్పేది. కాయల మీద పట్టాలు కప్పి, అంచులకి రాళ్ళు పెట్టి వచ్చి, చేతులకి కారం ఉందని మమ్మల్ని ముట్టుకోకుండా దూరంగా కూచుని. ఎండాల్సింది ఎండకపోతే కథలో రాజుగారబ్బాయి చేపని తిట్టడు, పారేయడు. ఎందుకని అడుగుతాడు. గడ్డినీ, ఆవునీ, పాలేరునీ, అవ్వనీ అడుగుతూ పోతే చివరికి చీమ కుట్టి ఏడుస్తున్న పిల్లాడు కనిపిస్తాడు. ఎవరికీ దెబ్బలు పడవు.

"మన కాయలెందుకు ఎండలేదు అమ్మమ్మా?" అన్నానొకసారి.

"మబ్బునడుగు."

మబ్బునడిగితే సముద్రాన్నడగమంది. అలా ఇద్దరం బాపట్ల దాకా వెళ్ళాం. అక్కడ మళ్ళీ చేపలే! నవ్వొచ్చింది. వాన రాదులే అని మాత్రం ఆవిడ అనలేదు.

ఇప్పుడు పిల్లల దిగుళ్ళ మీద బొమ్మల పుస్తకాలొస్తున్నాయి. ఎలుగుబంటి గట్టిగా ఊపిరి పీల్చుకుని కుదుటపడుతుంది. మంచిదే. కానీ ఎలుగుబంటికి అప్పుల్లేవు.

2021-22లో నల్లతామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల్ని పీల్చేసింది. అంతకు రెండు దశాబ్దాల ముందు పత్తి రైతుల చావులు చూసిన నేల ఇది. ఆ ఏడు మా చెల్లెలి కూతురు, ఎనిమిదేళ్ళది, నా చెవిలో అడిగింది: "నాన్న మందు తాగడు కదా పెద్దమ్మా?"

"నాన్ననే అడుగుదాం పద," అన్నాను.

అడిగింది. మా మరిది చాలాసేపు మాట్లాడలేదు. "తాగనమ్మా," అన్నాడు. తర్వాత దాన్ని పక్కన కూచోబెట్టుకుని, బాకీ ఎంతుందో, ఎవరెవరికివ్వాలో, తోట పీకేసి జొన్న వేస్తే ఏ మాత్రం తీరుతుందో లెక్క చెప్పాడు. పిల్ల వేళ్ళు మడుస్తూ వింది.