పెద్దకూర అని రాసిన చీటీ



పోయిన ఆదివారం మా ఇంట్లో పార్టీ జరిగింది. డీఎస్సీలో టీచర్ ఉద్యోగాలు వచ్చిన నా పాత విద్యార్థులు 9 మంది, తోటి లెక్చరర్లు ముగ్గురు వచ్చారు. మా అమ్మ ఊరి నుంచి ముందురోజే వచ్చింది. ఫొటో పెట్టినప్పటి నుంచి ఇన్‌బాక్సులో ఒకటే ప్రశ్న: "మేడం, ఆ ట్రేలో ఉన్నవి ఏంటివి?"

అవి రోస్ట్ బీఫ్ స్లైడర్లు. ఎలా చేశానో చెప్తాను. అయితే ఫొటోలో ట్రే పక్కన ఒక చీటీ కూడా ఉంది, చాలామంది గమనించలేదు. ఈ వారం పోస్టు అసలు ఆ చీటీ కోసమే. పదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి దాని వెనక ఉంది.

ముందు వంట.

స్లైడర్ అంటే అరచేతిలో పట్టేంత చిన్న శాండ్‌విచ్. 1921లో అమెరికాలోని విచిటా అనే ఊళ్లో మొదలైన వైట్ క్యాసిల్ హోటళ్ల చిన్న బర్గర్లతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. పార్టీలకు చేసే పద్ధతి వేరు. ఒకదానికొకటి అతుక్కుని ఉన్న బన్నుల పలకను విడదీయకుండా అడ్డంగా కోస్తారు. కింది సగం మీద మాంసం, చీజ్ పరిచి, పై సగాన్ని మూతలా పెట్టి, మొత్తం ఓవెన్‌లోకి తోస్తారు. ఒక్క దెబ్బకు పన్నెండు తయారు. డాలస్‌లో ఉంటున్న మా చిన్నమ్మ కొడుకు వీడియో కాల్‌లో నేర్పించాడు.

నేర్పిస్తూ వాడొక మాటన్నాడు. "అక్కా, ఈడ మన తెలుగోళ్ల పార్టీలల్ల సుత ఇవి పెడ్తరు. ఊర్ల మన వాడకట్టుకు రానోళ్ల పిల్లలు గూడ రెండు రెండు ఏసుకొని తింటరు. రోస్ట్ బీఫ్ అంటే ఎవ్వలకు ఏం కాదు. గదే పెద్దకూర అని సూడు, మొకం మాడుతది."

ఇంగ్లిష్‌వాళ్లకు రోస్ట్ బీఫ్ ఆదివారం భోజనం, గర్వకారణం. ఫ్రెంచివాళ్లు వాళ్లను ఎగతాళి చేయడానికి కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. లండన్ టవర్ కాపలాదార్లను బీఫీటర్లు అంటారు, అదేమీ తిట్టు కాదు. మా దగ్గర మాత్రం అదే తిండి పేరు మనిషి మీద పడితే అది మచ్చ.

మాంసం కోసం పొద్దున్నే బడేకా దుకాణానికి పోయాను. మన దగ్గర బీఫ్ అంటే ఎక్కువగా గేదె, దున్నపోతు మాంసమే. రెండు తెలుగు రాష్ట్రాల్లో నడుస్తున్నది 1977 నాటి చట్టం. ఆవును, దూడను కోయకూడదు. ఎద్దు, దున్న, గేదె అయితే పనికి, పాడికి, సంతానానికి పనికిరాదని ధ్రువపత్రం ఉండాలి. ప్రపంచంలో గేదె మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. ఓడ ఎక్కితే విదేశీ మారకం, మా డబ్బాలోకి ఎక్కితే నేరం చేసినట్టు చూపులు.

అండర్‌కట్ కిలోంపావు తీసుకున్నాను. వెన్నెముక లోపలి వైపు ఉండే మెత్తని కండ అది. పశువు నడకలో దానికి పెద్దగా పని ఉండదు, అందుకే అంత మెత్తన. తొడ ముక్క చవక, కానీ గేదె మాంసంలో కొవ్వు తక్కువ. తొడను ఓవెన్‌లో పెడితే తాడులా అవుతుంది. తొడే దొరికితే పచ్చి బొప్పాయి రాసి కొన్ని గంటలు ఉంచండి, లేదా కుక్కర్‌లో మెత్తగా ఉడికించి పీచులుగా తీసి వాడండి.

ముందురోజు రాత్రి ఉప్పు, దంచిన మిరియాలు, వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున గంట ముందు బయటపెట్టి, కాలిన పెనం మీద అన్ని వైపులా ఎర్రగా వేయించి, 160 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావు గంట ఉంచాను. లోపల ఎరుపు ఉంటే మా అమ్మ ముట్టదు. అందుకే పూర్తిగా ఉడకనిచ్చాను. తీశాక పావుగంట కదిలించొద్దు, రసం లోపలికి సర్దుకోవాలి.

కోసే దగ్గర అమ్మ కత్తి లాక్కుంది.

"నారకు అడ్డం కొయ్యాలె బిడ్డా. నిలువు కోస్తే తునకలైతయి."

ఆమెకు ఓవెన్ తెలియదు గానీ నార తెలుసు. మా అమ్మమ్మ తునకలు ఎండబెట్టేటప్పుడు కండను నార వెంబడి పొడుగ్గా, పట్టీల్లా కోసేదట. ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఆరేస్తే తెగి కింద పడకుండా ఉండాలి కదా. వానాకాలంలో కూలి దొరకని రోజుల్లో అవే కూర. నిలువుగా కోస్తే దాచుకోవడానికి, అడ్డంగా కోస్తే వెంటనే తినడానికి. ఈ తేడా నాకు 36 ఏళ్లకు తెలిసింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను, శ్రీనాథుడి భోజన పద్యాలు క్లాసులో రాగమెత్తి చదువుతాను. నార సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. మరాఠీలో షాహూ పటోళే తన కులపోళ్ల వంటల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. మన అమ్మల దగ్గర కూచుని మనమూ రాసుకోవాలి. ఈ సీరియల్ మొదలుపెట్టింది కూడా ఆ ఆశతోనే.

నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, సన్నమంట మీద నలభై నిమిషాలు గోధుమరంగు వచ్చేదాకా మగ్గించాను. అమెరికాలో దీనికి హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు వాడతారు. అది మన ఆవాల కుటుంబం మొక్కే. అమ్మ నానబెట్టిన ఆవాలు వెల్లుల్లితో నూరితే దాన్ని మయోనైజ్‌లో కలిపాను. వూస్టర్ సాస్ లేదు. ఆ సాస్‌లో చింతపండు ఉంటుంది, కాబట్టి రెండు చెంచాల చింతపండు పులుసులో కాస్త బెల్లం కరిగించి వాడాను. బేకరీ ఆయన్ని ముందే అడిగి, విడదీయని పావ్ పలకలు రెండు తెచ్చుకున్నాను, ఒక్కోదాంట్లో పన్నెండు. ఆవాల ముద్ద, మాంసం, ఉల్లిగడ్డ, చీజ్ వరసగా పరిచి మూత పెట్టాను. వంద గ్రాముల వెన్న కరిగించి, అందులో ఆ పులుసు, వెల్లుల్లి, గసగసాలు కలిపి పైన పోశాను. 175 డిగ్రీల దగ్గర, రేకు కాగితం కప్పి పదిహేను నిమిషాలు, తీసేసి ఇంకో అయిదు నిమిషాలు. చిన్న ఓవెన్ కాబట్టి ఒక పలక తర్వాత ఒకటి.

అమ్మ వాసన చూసి నవ్వింది. "మన కూరే. అమెరికా పోయి పేరు మార్చుకొని వచ్చింది."

ఇంక చీటీ సంగతి.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో బీఫ్ ఫెస్టివల్ జరిగింది. నేనప్పుడు ఎం.ఏ. విద్యార్థిని. కళ్యాణి బిర్యానీ పొట్లం చేత్తో పట్టుకుని అందరి మధ్యన నిలబడి తిన్నాను. ఆ రాత్రి దాడి జరిగింది, విద్యార్థులకు దెబ్బలు తగిలాయి. మా తిండి మా హక్కు అని గొంతు పోయేదాకా అరిచాను. ఆ రోజు గురించి మీటింగుల్లో చాలాసార్లు చెప్పుకున్నాను. మీలో కొందరు విన్నారు కూడా.

దాని తర్వాత మూడేళ్లకు ఒక కాలేజీలో నా మొదటి ఉద్యోగం. స్టాఫ్ రూములో పొడుగాటి బల్ల, మధ్యాహ్నం అందరం డబ్బాలు తెరిచి పంచుకునేవాళ్లం. సెప్టెంబర్ చివర్లో దాద్రిలో అఖ్లాక్‌ను కొట్టి చంపారు. ఆ వారమంతా ఆ బల్ల దగ్గర అదే చర్చ. ఎవరో అన్నారు, "చంపడం తప్పేలే, కానీ వాళ్లు కూడా తినకుండా ఉండాల్సింది." నేను అన్నం కలుపుకుంటూ తల దించుకున్నాను.

కొన్నాళ్లకు అమ్మ వచ్చి వండింది. డబ్బాలో గోంగూర వేసిన పెద్దకూర. పక్కన కూచునే ఒక అక్క, నాకు ఆ కాలేజీలో అన్నీ నేర్పిన మనిషి, డబ్బాలోకి తొంగి చూసి, "వాసన అదిరిపోతోంది, మటనా?" అన్నది.

నేను "అవునక్కా" అన్నాను.

ఆమె రెండు ముక్కలు తీసుకుని తిన్నది. చాలా బాగుందన్నది. మీ అమ్మను ఎలా చేసిందో అడగమన్నది.

ఆమె పెద్దది తినని కులం. ఆ సంగతి నాకు తెలుసు. కూర అయిపోయిందనో, కారం ఎక్కువైందనో అని డబ్బా మూసేయొచ్చు. నాకు ఆ క్షణాన ఒక్కటే భయం. నేనెవరో ఆ బల్లకు తెలిసిపోతుందని. నన్ను దాచుకోవడానికి ఇంకొక మనిషి నోట్లోకి ఆమెకు తెలియనిది పోనిచ్చాను. వందల మంది మధ్య తిన్న ధైర్యం, ఒక్కదాన్నే డబ్బా మూత తీసినప్పుడు లేకపోయింది.

కొందరు మిత్రులు అనొచ్చు, వేల ఏండ్ల అవమానం ముందు రెండు ముక్కల అబద్ధం ఎంత అని. నేనూ నాకు అట్లా సర్దిచెప్పుకున్నాను. ఏం తినాలో ఇంకొకరు నిర్ణయించొద్దని మనం కొట్లాడుతున్నాం. మరి ఆమె ఏం తినాలో ఆ రోజు నేనే నిర్ణయించాను కదా.

అంబేద్కర్ 1927లో మహాడ్‌లో మనవాళ్లకు చచ్చిన పశువు మాంసం తినడం మానమని చెప్పాడు. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో, అంటరానితనం పుట్టుకకు గొడ్డు మాంసానికి ఉన్న సంబంధం మీద వాదన చేశాడు, ఒకప్పుడు బ్రాహ్మణులూ తిన్నారని చూపించాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు ఆలోచించాను. వెట్టిగా, గతిలేక తినేది వదిలేయమన్నాడు. తిండిని బట్టి మనిషిని వెలివేయడం మీద మాత్రం పుస్తకమే రాశాడు. తిండి కంటే, తింటున్న మనిషి తల ఎత్తి ఉందా లేదా అన్నది ఆయనకు ముఖ్యం. ఆ స్టాఫ్ రూములో నా తల ఎత్తి లేదు.

పార్టీకి ఆ అక్కను కూడా పిలిచాను. ఇప్పుడు వేరే కాలేజీ అయినా మా స్నేహం పోలేదు.

మధ్యాహ్నం ట్రే బల్ల మీద పెట్టి, తెల్ల అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాశాను: పెద్దకూర స్లైడర్లు. రోస్ట్ బీఫ్ అని రాయలేదు. రెండో బల్ల మీద ఆలుగడ్డ, పనీర్ పెట్టిన పావ్‌లు, వాటికి వేరే కత్తి, వేరే గరిటె. మా విద్యార్థి ఒకడు గొణిగాడు. "మేడం, రాసి పెట్టుడెందుకు? అడిగినోళ్లకు చెప్తే సాలదా?"

"అడగనోళ్లు కూడా తింటరు కదరా" అన్నాను.

12 మందిలో 7 మంది చీటీ చదివి తీసుకున్నారు. ఒక అమ్మాయి చదివి, కాసేపు నిలబడి, సగం తుంచుకుంది. ఇద్దరు పక్క బల్లకు పోయి ఏమీ అనకుండా పనీర్ పావ్‌లు వేసుకున్నారు. మిగిలిన ఇద్దరు ఇంకా కబుర్లలో ఉన్నారు. అందరూ ఒకే గదిలో కూచుని తిన్నారు. అమ్మ ఒక మూల స్టూలు మీద కూచుని, ఎవరు రెండోది తీసుకుంటున్నారా అని లెక్కపెడుతోంది.

అక్క ఆలస్యంగా వచ్చింది. చీటీ చదివింది. నవ్వి, "నేను ఇటు వైపు" అని ఆలుగడ్డ పావ్ తీసుకుంది. ఆమెను వంటింట్లోకి పిలిచి ఆ రోజు డబ్బా సంగతి మొత్తం చెప్పాను. క్షమించమని అడిగాను.

ఆమె చేతిలో ప్లేటు గట్టు మీద పెట్టింది. చాలాసేపు సింకు వైపు చూసింది. "సరే, పోతాను" అని, అమ్మకు చెప్పి వెళ్లిపోయింది. అమ్మ నా మొహం చూసి ఏమైందని అడగలేదు.

మంగళవారం రాత్రి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. ఆమెను అడిగే ఇక్కడ రాస్తున్నాను. "నువ్వు చేసింది నాకు కోపం తెప్పించింది. ఇంకా ఉంది. కానీ ఆ రోజు నిజం చెప్పి ఉంటే, మరుసటి రోజు నుంచి నీ పక్కన కూచునేదాన్ని కాదు. అది కూడా నిజమే. ఏం చేయాలో తెలియట్లేదు."

నాకూ తెలియట్లేదు. "వచ్చే ఆదివారం ఇంటికి రానా అక్కా?" అని రాశాను. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

కొత్త ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీరు కూడా ఏదో ఒక స్టాఫ్ రూములో బల్ల ముందు కూచోబోతున్నారు. ఎవరైనా డబ్బాలోకి చూసి "మటనా?" అంటారు. ధైర్యంగా పెద్దకూర అనండి అని చెప్పడం నాకు సులువు, నా ఉద్యోగం ఖాయమైంది. చెప్పలేని రోజు ఉంటే, చెప్పకండి. మూత పెట్టేయండి. అబద్ధం చెప్పి మాత్రం పెట్టకండి. పదేళ్లు మోయాల్సి వస్తుంది.

వచ్చే వారం అమ్మ చెప్పిన తునకల పులుసు.

జై భీమ్.