ఉప్పుటేటి గట్టు మీద

మా ఆకివీడుకి రెండు నీళ్లు. ఊళ్లోకి వచ్చే వెంకయ్య వయ్యేరు కాలువది గోదావరి తీపి నీరు. ఊరవతల ఉప్పుటేటిది కొల్లేరు వదిలిన నీరు. ఎండాకాలం కొల్లేట్లో నీళ్లు తగ్గేసరికి సముద్రం పోటు ఎదురెక్కి అది ఉప్పన అయ్యేది. 1970ల్లో ఆదివారం పూట మావయ్య నన్ను కాలువ దగ్గర్నుంచి ఏటి దాకా నడిపించేవాడు.

పొద్దున్నే బియ్యం మిల్లుల ఊక వాసన. ఆ వెంటనే చేపల బజారు. కొల్లేటి లంకల నుంచి దోనెల్లో ఒడ్డుకి చేరిన సరుకు సైకిళ్ల మీద వచ్చేది. తట్టల్లో ఇంగిలాయిలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు. కొరమీనుని మాత్రం బతికుండగానే బేరమాడాలి. ఇంకా నీళ్లలో కదులుతుంటేనే అమ్మ ఒప్పుకునేది.

బజారు దాటితే గట్టు. నిద్రగన్నేర్లు, గానుగలు, తుమ్మలు, వాటి వెనక వరుసగా తాళ్లు. చుట్టూ వరిచేలే ఉన్న మాకు అడవి అంటే అదే. తాటాకుల చివర్న గిజిగాడి గూళ్లు వేలాడేవి. ఒకసారి గాలికి రాలిన గూడుని మావయ్య నెమ్మదిగా విప్పి చూపించాడు. లోపల గోడకి మట్టి ముద్దలు అంటించి ఉన్నాయి. ఎండి గట్టిపడ్డాయి, గోటితో గీకినా రాలేదు. మిణుగురుల్ని అతికించి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. దీపం సంగతేమో గానీ, ఆ మట్టి మీద పిట్ట ముక్కు గుర్తులు మాత్రం నేను కళ్లారా చూశాను.

ఏటి ఒడ్డున ఒక పెద్దాయన వెదురు బద్దలతో అల్లిన మావు పైకి తీస్తూ కనబడేవాడు. చేప లోపలికి దూరగలదు, తిరిగి రాలేదు.

"బాబాయ్, పడ్డాయా?" అనేవాడు మావయ్య.

"ఏం పడతాయి నాయనా, పోటు మీదుంది. నీరు తియ్యనీ."

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు కొల్లేట్లో పడతాయి. అది నిండితే నీరు సముద్రానికి పోయే దారి ఈ ఉప్పుటేరొక్కటే, దాదాపు 60 కిలోమీటర్లు. ఇది ఇరుకైతే పైన లంకలు మునుగుతాయి. బళ్లో ఎవరూ చెప్పని ఈ లెక్క నాకు ఆ గట్టు మీదే తెలిసింది. రైలు వంతెన అవతల అప్పట్లో కృష్ణా జిల్లా. 2022లో అది ఏలూరు జిల్లాలోకి వెళ్లింది.

నడకలో నాకు అన్నిటికన్నా ఇష్టం గూడబాతులు. సంచి మూతులతో బరువుగా ఎగిరి, నీటి మీద వాలేవి. మా జిల్లాలోనే ఆరేడు అనే ఊళ్లో ఇవి చెట్ల మీద గూళ్లు కట్టిన సంగతిని 1940ల్లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు లోకానికి చెప్పాడు. 1970లు సగం గడిచేసరికి ఆ చెట్లు ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు ఆ పక్షుల్ని చూడాలంటే కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్లాలి. అక్కడ మనుషులు నిలబెట్టిన ఇనుప మంచెల మీద గూళ్లు పెడుతున్నాయి. పెడుతున్నందుకు సంతోషమే. చెట్టు లేక ఇనుము మీదికి ఎక్కాల్సి వచ్చిందే అన్న బాధ మాత్రం పోదు.

తర్వాత చెరువులొచ్చాయి. వరిచేలు తవ్వి బొచ్చె, శీలావతి పెంచారు. డబ్బు వచ్చింది, చాలా ఇళ్లలో పిల్లలు చదువుకున్నారు, కాదనను. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో దాని లోపలి చెరువు గట్లు కొట్టేశారు. మా గట్టు మీద తాళ్లు మాత్రం అంతకు ముందే పోయాయి. వాటి వెంట గిజిగాళ్లూ పోయాయి.

వరద వచ్చిన ప్రతిసారీ ఉప్పుటేటి పూడిక తియ్యాలంటారు. తియ్యాలి. తీసిన మట్టి గట్టుకే పొయ్యాలి, దాని మీద తాటి టెంకలు పాతాలి. తాటిచెట్టు కాపుకి రావడానికి పదిహేనేళ్లు పట్టొచ్చు. ఈ ఏడే మొదలుపెడితే ఇప్పుడు బళ్లో చేరిన పిల్లలు ఆ ముంజెలు తింటారు.