గడి గోడలు, గరిసెల తాళాలు

'గడీలు బద్దలు కొట్టాలి' అన్న మాట తెలంగాణ రాజకీయ ప్రసంగాల్లో ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. 2023 డిసెంబరు 7న హైదరాబాద్‌లోని ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెలు తొలగించినప్పుడు కూడా ఈ పోలికే వినిపించింది. కంచె తీస్తే గడి కూలినట్టేనా? వార్తల కోసం ఉమ్మడి నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెల్లో తిరుగుతూ శిథిలమైన గడీలను చూసినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను వెంటాడుతూ వచ్చింది.

దూరం నుంచి గడి కోటలా కనిపిస్తుంది. ఎత్తయిన ప్రహరీ, మూలల్లో బురుజులు, బండి పట్టేంత దర్వాజ. లోపల అడుగుపెడితే అదొక పెద్ద వ్యవసాయదారుని ఇల్లని అర్థమవుతుంది. ముందు దొర పంచాయితీలు తీర్చిన అరుగు. దాని వెనుక ఆకాశం కనిపించే నడిమి లోగిలి, చుట్టూ టేకు స్తంభాల వసారాలు. ఒక పక్క పశువుల కొట్టాలు, మరో పక్క ధాన్యపు గరిసెలు. శిస్తు, తీర్పు, తిండిగింజలు ఒకే గోడ లోపల ఉన్నాయి. ఆ గోడ వెనుక వెట్టివాళ్ల చెమట ఉంది.

నిజాం రాజ్యంలో శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖులు క్రమంగా వేల ఎకరాలకు అధిపతులయ్యారు. అందుకే తిరుగుబాటు సైతం పంట దగ్గరే రాజుకుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ చేలోని పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే, సంఘం కార్యకర్తలు దాన్ని కోసి ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటం ఉద్ధృతమయ్యాక ఎందరో దొరలు గడీలు విడిచి పట్నం చేరారు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. అయినా చట్టానికీ చేనుకూ మధ్య దూరం పూర్తిగా చెరిగిపోలేదు. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది. అదే భూమిని దున్నే కౌలురైతు పథకం వెలుపలే నిలిచాడు.

ఇప్పుడు బురుజులపై రావిమొక్కలు మొలిచాయి. వాటిని చూసి దొరతనం అంతరించిందని సంబరపడడం సులువు. కానీ గడికి బలం రాతిగోడల నుంచి రాలేదు. పంట ఎవరి గరిసెకు చేరాలో నిర్ణయించే అధికారం నుంచి వచ్చింది. ఆ అధికారం నేడు పాసుపుస్తకంలో, భూరికార్డుల్లో ఉంది. గడీలను కూల్చామని చెప్పే ప్రతి నాయకుణ్ణీ మనం అడగవలసింది ఒక్కటే: దున్నేవాడి పేరు ఆ రికార్డులో ఎక్కడుంది?