ఆదోని దారిలో సినిమా లేని పాట

గుంతకల్లు దాటి రాయచూరు వైపు రైల్లో వెళ్తుంటే ఆదోని వస్తుంది. కొండ మీద పాత కోట, ఊళ్ళో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, బజారు నిండా పత్తి! ఆ వ్యాపారం జోరు చూసే పెద్దవాళ్ళు దీన్ని 'రెండో బొంబాయి' అన్నారు. సినిమా పత్రికలో పత్తి గోల ఏమిటంటారా? కాస్త ఓపిక పట్టండి, పాట దగ్గరికే వస్తున్నాను.

మార్చి నెలాఖరు. ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇక్కడ పత్తి తీతలు అయ్యాక పల్లెలకు పల్లెలే గుంటూరు వైపు మిరప కోతలకు కదిలిపోతాయి. బడికెళ్ళే పిల్లలు కూడా పుస్తకాలు మూసి అమ్మానాన్నల వెంట పోతారు. ఆ వెళ్ళినవాళ్ళే మూటలతో, ముంతలతో తిరిగొస్తున్నారు. నా పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు సెల్‌ఫోన్‌లో పాట పెట్టాడు. 'ఊరెళ్ళిపోతా మామ'!

"ఎవరి పాటో తెలుసా తమ్ముడూ?" అన్నాను.

"తెల్దున్నా. ఏ సినిమాలోది?"

"ఏ సినిమాలోదీ కాదు."

"సినిమా లేకుండా పాట యాడ్నుంచి వస్తాదిన్నా?" అని నవ్వాడు.

నిజమే కదా! మనకు పాటంటే సినిమా పాటే. కానీ ఇది హైదరాబాదు కుర్రాళ్ళ బృందం 'చౌరస్తా' 2018లో సొంతంగా వదిలిన పాట. హీరో లేడు, హీరోయిన్ లేదు. జానపదానికి రెగ్గే నడక జోడించారు, అంతే. పట్నంలో విసిగినవాడు ఊరెళ్తానంటాడు. అక్కడేముందని వెళ్తావని ఇంకొకడు నిలదీస్తాడు. అదీ పాట.

అదే ప్రశ్న కుర్రాణ్ణి అడిగాను. "మీ ఊళ్ళో ఏముంది?"

"మా అవ్వ ఉండాది. వానొస్తే చేనుండాది."

"వాన రాకుంటే?"

"మళ్లా గుంటూరేన్నా."

పాటలో నాకు దొరకని జవాబు బస్సులో దొరికింది. నాకింక మాట రాలేదు.

చౌరస్తాలో పాడిన రామ్ మిర్యాల 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాటతో కుర్రకారు నోళ్ళలో నానిపోయాడు. సంతోషమే! కాని మనవాళ్ళు సినిమా గడప తొక్కితే తప్ప గాయకుడి పేరు గుర్తుపెట్టుకోరన్నదీ అంతే నిజం. ఢిల్లీలో 'ఇండియన్ ఓషన్' బృందం 1993లోనే తన పేరుతో మొదటి ఆల్బం తెచ్చింది. కేరళలో 'అవియల్' 2008లో అచ్చ మలయాళంలో రాక్ ఆల్బం చేసింది. మన బృందాల పాటలు మాత్రం ఎక్కువగా ఒక్కొక్కటిగానే వస్తున్నాయి. సినిమా పాటకు నిర్మాత ఉంటాడు. వీళ్ళకో? స్టూడియో అద్దె దగ్గర్నుంచి అన్నీ సొంత జేబులోంచే! ఒక పాటకే జేబు ఖాళీ అయితే ఎనిమిది పాటల ఆల్బం ఎలా పూర్తవుతుంది చెప్పండి?

దారిలో ఒక పల్లె దగ్గర కుర్రాడు మూట భుజానికెత్తుకున్నాడు. దిగబోతూ, "వాళ్ళవి ఇంకా పాటలుండాయాన్నా?" అన్నాడు. రెండు మూడు పేర్లు చెప్పాను. అన్నీ ఒకచోట ఉన్న ఆల్బం పేరు ఒక్కటి చెప్పగలిగితే ఎంత బాగుండేది!

ఎమ్మిగనూరు చేరాను. మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టి నేతగాళ్ళకు అండగా నిలిచారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక్కొక్కరుగా ఉంటే నూలు కొనడానికే అప్పులు చేయాల్సిన నేతగాళ్ళు, సంఘంగా నిలబడితే ఎమ్మిగనూరు దుప్పటి పేరు దూరాలకు పాకింది.

మగ్గం ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ కుర్రాడి ప్రశ్నే మళ్ళీ గుర్తొచ్చింది. పోగులు మన దగ్గర లేకపోలేదు. వలస వెళ్ళే రాత్రి, మిరప ఘాటు, తిరుగు బస్సు, అవ్వ, వాన... ఒక్కొక్కటీ ఒక పాటే! వాటన్నిటినీ కలిపి నేసే బృందం మన తెలుగులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. దానికో సోమప్పగారు కావాలి. లేదా మనమే కావాలి.

ఈసారి కొత్త పాట నచ్చితే "ఏ సినిమాలోది?" అని కాదు, "ఎవరిది?" అని అడిగి చూడండి. ఖర్చులేని పని!